శీర్షికపట్టీ చెప్పు సంగతి

మన పిల్లలు నేడు తెలుగు వ్యాసములను, ఇతర పాఠములను గూడ కంప్యూటరుపై వ్రాయుచున్నారు. ఒకే యంత్రమును అన్నయు, చెల్లెలును, తండ్రియు వాడుకొను ఇండ్లు మనలో అనేకము. అట్టి ఇండ్లలో ఒకరి ఫైలుపై మరియొకరు వ్రాయుటయు, క్రొత్త ప్రతిని దిద్ది పాత ప్రతిని ఉపాధ్యాయులకు పంపుటయు జరుగుచుండును. పిల్లవాని రెండు దినముల శ్రమ అట్లు వ్యర్థమగును. ఈ నష్టమును చాలవరకు నివారింపగల సాధనము తెరపైననే యున్నది. దానిని గూర్చి తల్లిదండ్రులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

విండో పైయంచున నున్న అడ్డుపట్టీకి శీర్షికపట్టీ అని పేరు. సాధారణముగ అందు తెరచియున్న ఫైలు పేరును, దానిని తెరచిన ప్రోగ్రాము పేరును కనబడును. 1992 నాటి విండోస్ 3.1 లోని నోట్‌ప్యాడ్‌లో ప్రోగ్రాము పేరు ముందును, ఫైలు పేరు వెనుకను ఉండెడివి. 1995లో వెలువడిన విండోస్ 95లో ఈ క్రమము తారుమారైనది. ఏలయన, తెర అడుగున టాస్క్‌బార్ అప్పుడే వచ్చెను. అందలి మీటలు ఇరుకైనపుడు పేరులోని మొదటి అక్షరములే కనబడును. ప్రోగ్రాము పేరు ముందున్నచో నాలుగు మీటలును ఒక్క రీతిగ నుండును. ఫైలు పేరు ముందున్నచో ఏది యేదియో తెలియును.

ఈ పట్టీని గూర్చి మూడు సంగతులు పిల్లలకు నేర్పవలెను. మొదటిది: 'అన్‌టైటిల్డ్' అని యున్నచో ఆ వ్రాతకు ఇంకను ఫైలు పేరు పెట్టలేదని అర్థము. వ్యాసమునకు శీర్షిక వ్రాసినంత మాత్రమున ఫైలునకు పేరు పెట్టినట్లు కాదు. రెండవది: భద్రపరచని మార్పులున్నచో కొన్ని ప్రోగ్రాములు గుర్తు చూపును. 2019లో విండోస్ 10 నోట్‌ప్యాడ్‌నందు ఫైలు పేరునకు ముందు నక్షత్రపు గుర్తు చేర్చిరి. మాకింటోషులో పేరు చెంత 'ఎడిటెడ్' అను మాట కనబడును. మూడవది: పట్టీపై తఱచుగ పేరే గాని ఫైలున్న చోటు కనబడదు. పెన్‌డ్రైవులో నొకటియు, కంప్యూటరులో నొకటియు 'వ్యాసము' అను పేరుతోనే యున్నచో పట్టీ రెండింటికిని ఒక్క మాటయే చెప్పును. కావున 'వ్యాసము' అనుటకంటె 'వర్షాకాలము - 8వ తరగతి - రెండవ ప్రతి' అని పేరు పెట్టుట మేలు.

పరరాష్ట్రములలో నివసించు మనకు మరియొక విశేషము కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగు లిపికి స్థానము లభించెను. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చెను. నేడు ఫైలు పేరు తెలుగున పెట్టినచో పట్టీపై తెలుగే కనబడును. అట్లుండగా తెలుగు వ్యాసమునకు ఆంగ్లలిపిలో పేరు పెట్టుట యేల? వీధిలోను, అంగడిలోను తెలుగు అక్షరము కానరాని పిల్లలకు, తమ తెరపై తాము పెట్టిన తెలుగు పేరు దినదినము కనబడుట స్వల్పలాభము కాదు.

వ్రాయుటకు ముందొకసారి, మూయుటకు ముందొకసారి ఆ పట్టీని పైకి చదువుమని పిల్లలకు చెప్పవలసినదిగ తల్లిదండ్రులను కోరుచున్నాము.