క్రీడా పాఠశాలలో సీటు: ఏ వయసుకు ఏది, ఎంపిక ఎలా?

కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం నుంచి వెళ్లిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి 2025 మహిళల వన్డే ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న నవీ ముంబయిలో కప్పు అందుకున్న జట్టులో నిలిచింది. కమలాపురం, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఆటల్లో చురుకైన పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు కొత్త ఆశ పుట్టింది. పాపనో బాబునో హాస్టల్ ఉన్న క్రీడా పాఠశాలలో చేర్పిస్తే బాగుంటుందన్న ఆలోచన మంచిదే. అయితే ఎక్కడ చేర్పించాలన్నది తేల్చేముందు ఏ వయసులో ఏ తలుపు తెరిచి ఉంటుందో తెలియాలి. చాలామంది ఆలస్యంగా తెలుసుకుని, అప్పటికే ఆ తలుపు మూసుకుపోయిందని బాధపడుతుంటారు.

ముందు వయసు చూడండి

మనకు అన్నిటికంటే దగ్గరిది కడప శివారు పుట్లంపల్లిలోని డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల. కమలాపురంలో బస్సెక్కితే వల్లూరు మీదుగా గంటలోపు కడపలో దిగొచ్చు. ఇక్కడ ప్రధానంగా నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. అంటే మూడో తరగతి చదువుతుండగానే సిద్ధం కావాలి. ఏడో తరగతిలో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీల్లో మెడల్ వచ్చాక ఈ బడి గురించి ఆరా తీస్తే ప్రయోజనం తక్కువ. హకీంపేటలో 1993లో మొదలైన ఉమ్మడి రాష్ట్ర క్రీడా పాఠశాల విభజన తర్వాత తెలంగాణకు వెళ్లింది. అక్కడా మొదటి మెట్టు నాలుగో తరగతే.

మగపిల్లలకు ఇంకో దారి సైన్యం నడిపే బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు. సాధారణంగా 8 నుంచి 14 ఏళ్ల లోపు వారిని తీసుకుని చదువు, తిండి, శిక్షణ అన్నీ సైన్యమే చూస్తుంది. వయసు వచ్చాక సైన్యంలో చేరాల్సి ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకుని ఒప్పుకున్నాకే దరఖాస్తు చేయాలి.

పన్నెండు దాటిన పిల్లలకు స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అదే సాయ్ నడిపే శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఒంట్లో సత్తా ఉంటే చాలదు, ఆటలో ఫలితం చూపాలి. జిల్లా, రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్ల విలువ తెలిసేది అక్కడే.

ఎంపికలో ఆట ఆడించరు

నాలుగో తరగతి ఎంపికకు వెళ్లే తల్లిదండ్రులు పిల్లలకు క్రికెట్ బ్యాటో, షటిల్ రాకెట్టో ఇచ్చి నెలల తరబడి సాధన చేయిస్తారు. ఎంపికలో వాటి అవసరమే రాదు. ఎనిమిదేళ్ల పిల్లలో చూసేది పుట్టుకతో వచ్చిన వేగం, ఎగిరే శక్తి, దమ్ము. మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడు దశల్లో వడపోత జరుగుతుంది. క్రీడా పాఠశాలల్లో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతిలో తొమ్మిది అంశాలున్నాయి: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ పరుగు, స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, 6×10 మీటర్ల షటిల్ రన్, ఒళ్లు వంగే తీరు చూసే ఫ్లెక్సిబిలిటీ, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు. ఒక్కోదానికి గరిష్ఠంగా 3 మార్కులు, మొత్తం 27.

మార్కులు పోయేది ఎక్కువగా చిన్న పొరపాట్లతోనే. స్టాండింగ్ బ్రాడ్ జంప్‌నే తీసుకోండి. రెండు కాళ్లూ గీత వెనక ఆనించి, మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి ఊపి, రెండు కాళ్లతో ఒకేసారి దూకాలి. అలవాటు లేని పిల్లలు ఓ అడుగు ముందుకేసి దూకుతారు, అది చెల్లదు. బాగా దూకిన పిల్లవాడు కూడా దిగాక తూలి వెనక్కి చెయ్యి ఆనిస్తే, కొలత ఆ చెయ్యి పడ్డచోటి నుంచే. కష్టపడి దూకిన దూరమంతా అక్కడే పోతుంది. బడి మైదానంలో సున్నం గీత గీసి రోజుకు పదిసార్లు దూకిస్తే, ముందుకు వాలి దిగడం రెండు వారాల్లో ఒంటబడుతుంది.

ఫ్లయింగ్ స్టార్ట్‌లో గీత దగ్గరికి వచ్చేసరికే పూర్తి వేగం అందుకోవాలి. టైము మొదలయ్యేది గీత దాటినప్పుడే కాబట్టి అక్కడ వేగం పెంచుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. షటిల్ రన్‌లో పరుగు కంటే మలుపు ముఖ్యం. గీత దగ్గర ఒళ్లు కిందికి దించి, ఒక్క అడుగులో తిరగాలి. ఇక 800 మీటర్లలో మన పల్లె పిల్లలు చేసే తప్పు ఒకటే, ఈల వినగానే ప్రాణం పెట్టి ఉరకడం. మొదటి రౌండులో అందరికంటే ముందుండి, రెండో రౌండులో నడుస్తారు. వారానికి మూడు రోజులు ఒకే వేగంతో నెమ్మదిగా పరుగెత్తించి, చివరి 150 మీటర్లు మాత్రం గట్టిగా పరుగెత్తడం నేర్పితే చాలు. ఎంపిక రోజున కొత్త బూట్లు వద్దు.

రాత పరీక్ష ఉన్నచోట

రాజంపేట దగ్గరి నవోదయ, కలికిరి సైనిక్ స్కూల్ క్రీడా పాఠశాలలు కావు. కానీ మైదానాలు, రోజూ ఆటల గంట, హాస్టల్ అక్కడా ఉన్నాయి. చదువులోనూ చురుకైన పిల్లలకు వీటినీ చూడొచ్చు. నవోదయ ఆరో తరగతి పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం ప్రశ్నలు మానసిక సామర్థ్యానివే. సైనిక్ స్కూల్ ఆరో తరగతికి 10 నుంచి 12 ఏళ్ల వారు అర్హులు. 300 మార్కుల్లో లెక్కలకే 150 ఉంటాయి. అక్కడ ఫీజులూ ఉంటాయి, లెక్క వేసుకోండి.

కాగితాల దగ్గర జాగ్రత్త

పుట్టినతేదీ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ, ఆధార్, ఫొటోలు. ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని, పేరు, ఇంటిపేరు, తేదీ అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో ముందే సరిచూసుకోండి. వయసు ఏడాది, రెండేళ్లు తగ్గించి రాయించే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఇది పిల్లలకు చేసే అన్యాయం. బీసీసీఐ అండర్-16 పోటీలకు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తుంది. ఇతర క్రీడల్లోనూ ఇలాంటి పరీక్షలు జరుగుతున్నాయి. దొరికితే శిక్ష పడేది తేదీ మార్చిన పెద్దలకు కాదు, పరుగెత్తిన బిడ్డకు.

చేర్చే ముందు అడగాల్సినవి

భవనం, గేటు, ఫొటోలు చూసి వచ్చేయకండి. ఉదయం ఆరింటికి మైదానానికి వెళ్లి నిలబడండి. మీ బిడ్డ ఆటకు కోచ్ ఇప్పుడు ఉన్నారా, ఉంటే ఎన్నాళ్లుగా ఉన్నారు? అథ్లెటిక్స్ కోచ్ లేని బడిలో ఎంత మంచి ట్రాకు ఉన్నా పరుగు మెరుగుపడదు. దెబ్బ తగిలితే ఫిజియో ఎవరు? ఆడపిల్లల హాస్టల్లో రాత్రిపూట మహిళా వార్డెన్ ఉంటారా? పిల్లలు ఇంటికి ఫోన్ చేసుకునే రోజులేవి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చాలామంది అడగరు. క్రీడా పాఠశాలల్లో ప్రగతి లేని పిల్లలను మధ్యలో వెనక్కి పంపే పద్ధతి ఉంటుంది. ఏయే పరీక్షలు పెట్టి తేలుస్తారు, ముందుగా ఇంటికి చెబుతారా, ఆ ఏడాది చదువు ఏమవుతుంది అని అడగండి. ఏడో తరగతిలో మోకాలు దెబ్బతిన్న పిల్ల ఊరికి తిరిగొస్తే పక్క బడిలో ధైర్యంగా కూర్చోగలిగేంత చదువు అక్కడ చెబుతున్నారో లేదో, పై తరగతి పిల్లల నోటుపుస్తకాలు చూస్తే తెలిసిపోతుంది.

సీటు రాకపోతే

శ్రీచరణి ముందు బ్యాడ్మింటన్, ఖోఖో, అథ్లెటిక్స్ ఆడింది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ల ప్రాయంలో. విశాఖ అమ్మాయి, హర్డిల్స్‌లో ఆసియా చాంపియన్ జ్యోతి యర్రాజీ హైదరాబాద్ సాయ్ హాస్టల్, గుంటూరు, భువనేశ్వర్ అంటూ ఒక్కో దశలో ఒక్కో చోట శిక్షణ తీసుకుంది. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. తొమ్మిదేళ్లకు పుట్లంపల్లిలో సీటు రాలేదని బిడ్డను మైదానానికి దూరం చేయడం తగదు.

బడి తరఫున ఎస్‌జీఎఫ్ పోటీలకు పంపుతూ, ప్రతి సర్టిఫికెట్‌నూ దాచండి. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకానికి ఎంపికైతే శిక్షణ ఖర్చుతోపాటు నెలకు 10 వేల రూపాయల చేతి ఖర్చు అందుతుంది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారుల కోటాను కొత్త క్రీడా విధానంలో 2 నుంచి 3 శాతానికి పెంచారు. ఎంపికల ప్రకటన వేసవిలో పత్రికల జిల్లా పేజీల్లో వస్తుంది. గడువు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి, సంక్రాంతి దాటగానే మీ బడి పీఈటీ సార్‌నో, కడపలోని జిల్లా క్రీడాభివృద్ధి అధికారి కార్యాలయాన్నో ఒకసారి కలిసి రండి.