446 దగ్గర ఆగాల్సింది

హాస్టల్‌లో నా పాత డెస్క్‌టాప్ బూట్ అవ్వలేదు. రేపే ప్రాజెక్ట్ సబ్మిషన్. ఎంబీఆర్ డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు: బూట్ కోడ్‌కి 446, పార్టిషన్ టేబుల్‌కి 64, చివరి గుర్తుకి 2. నేను ఫ్రెండ్ డిస్కు నుంచి కోడ్ తెచ్చి, డీడీతో 512 మొత్తం రాసేశా. నా టేబుల్ గల్లంతు!

ఇలాంటి పని చేత్తో చేయకూడదనే నెట్‌బీఎస్‌డీలో ఇన్‌స్టాల్‌బూట్ ఉంది. టూల్ పేరు ఒకటే, లోపల ఒక్కో మెషీన్‌కి ఒక్కో కోడ్. ఎందుకంటే ఒక్కో ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్‌ని ఒక్కోచోట వెతుకుతుంది. మైనస్ ఎమ్‌తో వేరే మెషీన్ పేరిచ్చి, మన పీసీ మీదే దాని ఇమేజ్ తయారుచేయొచ్చు. మెయింటైన్ చేసేవాళ్లకి అసలు తలనొప్పి అక్కడే: స్పార్క్ కోసం మార్చింది ఎక్స్86ని చెడగొట్టకూడదు కదా. మైనస్ ఎన్ ఇస్తే ఏమీ రాయదు, ముందు అదే వాడండి.

నా టేబుల్‌ని టెస్ట్‌డిస్క్ వెతికి తెచ్చింది, తెల్లారుజామున నాలుగింటికి.