మూగప్రాణులు – మోటారు వేగము

ఇంగ్లండు దక్షిణభాగమున న్యూ ఫారెస్టు అను అటవీప్రాంతము గలదు. 1079 ప్రాంతమున విలియం రాజు దీనిని తన వేటకై ప్రత్యేకించెను. 2005లో ఇది జాతీయవనమైనది. రాజులు వేటాడిన ఆ నేలపై నేడు వేలకొలది పొట్టి గుఱ్ఱములు కళ్లెము లేక స్వేచ్ఛగా తిరుగాడుచున్నవి.

చూపరులకు ఇవి అడవి గుఱ్ఱములవలె తోచును గాని, ప్రతిదానికిని యజమాని కలడు. అచ్చటి కొన్ని యిండ్లకు, భూములకు ఉమ్మడి మేత హక్కు తరతరములుగా వచ్చుచున్నది. హక్కుదారులు ఏటేటా రుసుము చెల్లింతురు. చెల్లించిన గుర్తుగా గుఱ్ఱపు తోకవెండ్రుకలను ఒక తీరున కత్తిరింతురు. ఈ వ్యవహారమును వెర్డరర్ల సభ నడుపును. సభవారి ఉద్యోగులగు అజిస్టర్లు మందలను కనిపెట్టుచుందురు. రోడ్డుపై జంతువు గాయపడినచో, అర్ధరాత్రియైనను, పోవలసినవారు వీరే.

అచ్చటి కంచెలేని రోడ్లపై సాధారణముగా గరిష్ఠవేగము గంటకు 40 మైళ్లు. అయినను ఏటేటా గుఱ్ఱములు, ఆవులు, గాడిదలు వాహనముల తాకిడికి చచ్చుచున్నవి. పెక్కు సంఘటనలు మునిమాపున, చీకటివేళ జరుగును. అందుకే కొన్నిటి మెడలకు వెలుగు పడిన మెరయు పట్టీలు కట్టుచున్నారు. విచిత్రమేమనగా, ఢీకొట్టువారిలో క్రొత్తగా వచ్చిన యాత్రికులకంటె, దారి బాగుగ తెలిసిన స్థానికులే ఎక్కువ.

కావున వేగపరిమితిని ఇంకను తగ్గింపవలెనని కొందరు కోరుచున్నారు. వారి వాదమునకు లెక్కయే బలము. బ్రిటిషు రహదారి నియమావళి ప్రకారము 40 మైళ్ల వేగమున పోవు కారు ఆగుటకు 36 మీటర్లు పట్టును. 30 మైళ్లయినచో 23 మీటర్లు; 20 అయినచో 12 మాత్రమే. 40కిని 30కిని నడుమనున్న ఆ 13 మీటర్లలోనే ఒక ప్రాణమున్నది.

మఱి నష్టమెంత? 10 మైళ్ల దారి 40 వేగమున 15 నిమిషములు, 30 వేగమున 20 నిమిషములు. పోవునవి 5 నిమిషములు. మిగులునవి గుఱ్ఱము ప్రాణము, కారు, ఒక్కొక్కప్పుడు తోలువాని ప్రాణము కూడను. ఏ వర్తకుడైనను ఈ బేరమును కాదనడు.

అయితే పలక పాతినంత మాత్రమున వేగము తగ్గదు అనువారి మాటయు త్రోసివేయదగినది కాదు. పోలీసుల తనిఖీ ఉండవలెను. అంతకుమించి తోలువాని మనస్సు మారవలెను.

తెలుగున ప్రమాదమనగా అపాయము. సంస్కృతమున దాని యర్థము ఏమరుపాటు. హింసకు మూలమని జైనశాస్త్రము చెప్పినదియు ఆ ఏమరుపాటునే. చంపవలెనని ఎవడును కారు తోలడు, చూడక తోలును. చీమను తొక్కకుండ చూచి నడచు ఇంటివారు, తమ కారును, సరకు లారీని నడపు డ్రైవరునకు ఏ వేళకు చేరవలెనని ఆజ్ఞయిచ్చుచున్నారో ఒకసారి ఆలోచించుట మంచిది. ఆ ఆజ్ఞలో 5 నిమిషములు కలిపిన చాలును.