'ఏమో' ఎక్కడ జారిపోయింది?

చెల్లీ, నువ్వు విరుదునగర్ కోడలివయ్యాక మన ఇంట్లో సందడి సగం తగ్గింది గానీ, అవ్వ నోరు మాత్రం తగ్గలేదు. 2025 జనవరిలో ఒక రాత్రి జరిగింది నీకింకా చెప్పనేలేదు కదూ, విను.

భోజనాలయ్యాయి. అవ్వ చేట ముందేసుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. టీవీలో తమిళ వార్తలు. బెన్ను అనే గ్రహశకలం మీంచి నాసావాళ్ళు తెచ్చిన మట్టిలో, ప్రాణానికి కావలసిన సరుకులు కొన్ని దొరికాయని చెబుతున్నారు. అంతే, ఇల్లు సంతయిపోయింది. మామయ్య వెంటనే, "ఇదేం కొత్త? మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు" అన్నాడు. ఎవరు, ఎక్కడ చెప్పారని అడిగితే మాత్రం పక్కకి తిరిగి చుట్ట వెతుక్కున్నాడు. పక్కింటి వదిన, "ఆ డబ్బేదో పెట్టి కోవిల్‌పట్టికి రోజూ నీళ్ళిస్తే పుణ్యమైనా వచ్చేది" అంది. చిన్నాడికి ఒకటే గొడవ, అక్కడ మనుషులున్నారా లేరా అని. అవ్వ తల కూడా ఎత్తలేదు. "ఎన్ని సవరన్లు తెచ్చారంట?" అని అడిగింది.

నవ్వకు. నాకైతే అందరిలోకీ సరైన ప్రశ్న అవ్వదే అనిపించింది. లెక్క చూసి చెప్పా. 121.6 గ్రాములవ్వా, పదిహేను సవరన్లకి కొంచెం పైన. 2016లో బయల్దేరిన నౌక, దాన్ని 2023 సెప్టెంబరులో తెచ్చి అమెరికాలో ఎడారి నేలమీద దించింది. "ఏడేళ్ళు తిరిగి పదిహేను సవరన్లా! మట్టి కాదది, బంగారమే" అంది అవ్వ. ఆ మట్టి విలువ అంతకంటే బాగా ఎవరు చెబుతారు!

సరే, అందులో ఏముంది? మన ఒంట్లో ప్రోటీన్లు కట్టుకోవడానికి వాడే అమైనో ఆమ్లాలు 20 అయితే, వాటిలో 14 కనబడ్డాయి. మన వారసత్వాన్ని రాసే అక్షరాలుంటాయే, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లోవి, అవి ఐదుకి ఐదూ ఉన్నాయి. ఉప్పునీళ్ళు ఎండిపోతే మిగిలే లవణాలూ దొరికాయి. ప్రాణం మాత్రం దొరకలేదు. ఈ చివరి మాట మన వీధి మలుపు దాకా కూడా రాలేదు చూడు. తెల్లారి పాల దగ్గర నిలబడితే, "ఆకాశంలో పురుగులు దొరికాయంటక్కా" అంటోంది ఎదురింటి అమ్మాయి.

దానికి నేను మన కోవిల్‌పట్టి కడలై మిట్టాయి లెక్కే చెప్పా. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న మిట్టాయి కదా, ఉదాహరణగా వాడుకుంటే ఏం పోయింది? గంపలో వేయించిన శెనక్కాయ పప్పులున్నాయి, పక్కన బెల్లం దిమ్మ ఉంది. అంతమాత్రాన మిట్టాయి అయిపోయినట్టేనా? పాకం పట్టాలి. నీళ్ళలో చుక్క వేసి చూస్తే టక్కున విరగాలి. అప్పుడు పప్పులు కలిపి, వేడి మీదే పలకలా పరిచి, ఆరకముందే కొయ్యాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పళ్ళకి అంటుకునే ముద్దే మిగుల్తుంది. బెన్ను మీద దొరికింది పప్పూ బెల్లం. పాకం ఎవరు పట్టారో, ఎక్కడ పట్టారో, అసలు మంట ఎట్లా అంటుకుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ పిల్ల, "అయితే సరుకులు పైనుంచి వచ్చాయి, వంట ఇక్కడ జరిగిందన్నమాట" అంది. జరిగిందేమో అన్నా. ఆ 'ఏమో' వినకుండానే పాలు పుచ్చుకుని పోయింది.

ఈ సరుకుల ముచ్చట కొత్తదేం కాదులే. 1969లో ఆస్ట్రేలియాలో మర్చిసన్ అనే ఊళ్ళో ఒక ఉల్క పడింది. దానిలోని అమైనో ఆమ్లాలు ఆకాశం నుంచి వచ్చినవేనని లోకానికి చూపించిన వాళ్ళలో సిరిల్ పొన్నంపెరుమ ఒకరు. సింహళంలో పుట్టి, మన మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం పట్టా పుచ్చుకుని, ఆ తర్వాత రసాయన శాస్త్రానికి మళ్ళాడు. తత్వం చదివినవాడు రాయి పగలగొట్టి చూడ్డమంటే నాకెందుకో ముచ్చటేస్తుంది.

హైదరాబాదు సంగతి దీనికన్నా రుచిగా ఉంటుంది. 2005 ఏప్రిల్ 20న అక్కడి బెలూన్ కేంద్రం నుంచి ఒక పెద్ద బెలూన్ ఎగరేశారు. దాని కింద 459 కిలోల సరంజామా. ముందే శుద్ధి చేసి, లోపల గాలి లేకుండా తీసేసిన 16 ఉక్కు గొట్టాలు, వాటిని చల్లగా ఉంచడానికి ద్రవ నియాన్. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టుకుని పారాచూట్ మీద కిందికి దిగాయి. ఆ గాలిని హైదరాబాదు సీసీఎంబీ ప్రయోగశాలలోనూ పూణేలోనూ విడివిడిగా పరీక్షించారు. 12 బ్యాక్టీరియా గుంపులు, 6 బూజు గుంపులు పెరిగాయి. బ్యాక్టీరియాలో మూడు అంతకుముందు ఎవరూ చూడనివి. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. ఆ పనిలో ముందున్న జయంత్ నార్లీకర్ గారు 2025 మేలో కన్నుమూశారు. ప్రాణబీజాలు ఆకాశం నుంచి దిగుతూ ఉండొచ్చన్న హోయల్ ఆలోచనని పొగిడి ఊరుకోకుండా, పరీక్షకి పెట్టిన మనిషి.

2009లో ఇస్రో ఈ సంగతి ప్రకటించినప్పుడు, ఇవి ఆకాశం నుంచే వచ్చాయని దీంతో తేలిపోలేదని వాళ్ళే చెప్పారు. ఆ మాట ఎంతమంది చెవిన పడిందంటావు? ఇంకో తమాషా విను. ఆ ఆర్యభట పేరున్న సూక్ష్మజీవి తర్వాత నేలమీదే దొరికింది, సోయా మొక్కల వేళ్ళ దగ్గర మట్టిలో. అప్పుడు పాతికో వంతు సందడి కూడా లేదు. ఆకాశంలో దొరికితే వార్త, చేలో దొరికితే ఎరువు! మన నల్లరేగడిలో వెతికినా ఉంటుందేమో.

ఈ 'ఏమో' పోగొట్టుకునేది మనలాంటి వాళ్ళే అనుకోకు. 2001 జులైలో కొండలకి అవతల, కేరళలో ఎర్రవాన కురిసింది గుర్తుందా? చంగనాశ్శేరి దగ్గర మొదలై, రెండు నెలలు ఆగి ఆగి పడింది. ఆరేసిన బట్టలు ఎర్రబడ్డాయి. పేలిన ఉల్క దుమ్మని మొదట శాస్త్రవేత్తలే అన్నారు. కొద్ది రోజుల్లోనే వాళ్ళే దిద్దుకున్నారు, ఆ తర్వాత పరీక్షించి, అది చెట్ల మీద పెరిగే ఒక రకం నాచు బీజాలని చెప్పారు. తర్వాత కొట్టాయంలో ఇద్దరు పరిశోధకులు, కాదు, ఇవి బయటి లోకపు కణాలేనని వాదించారు. ఆ వాదన ప్రపంచమంతా తిరిగింది. నాచు మాత్రం కేరళ దాటలేదు. నాకైతే, ముందు తప్పు చెప్పి కొద్ది రోజుల్లో దిద్దుకున్నవాళ్ళ మీదే గౌరవం. మన ఇళ్ళల్లో ఎంతమంది దిద్దుకుంటారు చెప్పు? మామయ్య ఇంకా చుట్ట వెతుకుతూనే ఉన్నాడు.

భయం వేరే సంగతి. 1979లో స్కైల్యాబ్ అనే అంతరిక్ష కేంద్రం పడబోతోందన్న రోజులు అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఎవరి నెత్తిన పడుతుందోనని మేకని కోసుకు తినేశారట, అప్పు తీర్చడం ఎందుకని మానేశారట. జులై 11న అది పోయి ఆస్ట్రేలియా వైపు పడింది. మేక పోయింది, అప్పు మిగిలింది. అయినా వాళ్ళని చూసి నవ్వబుద్ధి కాదు. ఎక్కడ పడుతుందో ఎగరేసినవాళ్ళకే సరిగ్గా తెలియనప్పుడు, మేక పెంచుకునేవాడు ఏం చేస్తాడు?

ఇప్పుడు రాకెట్టు మన జిల్లాకే వస్తోంది. కులశేఖరపట్నంలో 2024 ఫిబ్రవరి 28న పునాది వేశారు. శ్రీహరికోట నుంచి దక్షిణంగా పంపాలంటే శ్రీలంక మీద పడకుండా చుట్టు తిరగాలి, ఇక్కడి నుంచైతే నేరుగా పోవచ్చు. ఇది చెబితే చేపలమ్మే ఆవిడ ఒకే మాట అడిగింది: "అది ఎగిరే రోజు వల వెయ్యచ్చా?" కరెక్టే కదా.

అసలు ముచ్చట చివరికి దాచా. ఆ రాత్రి అందరూ లేచి పోయాక అవ్వకి నెమ్మదిగా చెప్పా, ప్రాణం ఎక్కడో పుట్టి రాళ్ళమీద ఎక్కి ఇక్కడికి వచ్చిందని కొందరంటారు అని. ఆమెకేం ఆశ్చర్యం వెయ్యలేదు. "మనమూ అట్లా వచ్చినోళ్ళమే కదే" అంది. ఇడైసేవల్ రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం'లో రాసింది మన తెలుగువాళ్ళ వలస కథే కదా. ఇంట్లో తెలుగు, రాత తమిళం. అవ్వ ఆ పుస్తకం చదవలేదు, ఆమె వాళ్ళ అవ్వ దగ్గర విన్నది. నది దాటారు, నల్లమట్టి చూశారు, నిలిచిపోయారు.

చేట చెరిగింది, పొట్టు ఎగిరిపోయింది. ఓ క్షణం ఆగి, "ఆ రాయి మీదికెట్లా వచ్చిందంట మరి?" అంది.

పెద్ద చదువులు చదివినవాళ్ళు హోయల్ గారిని అడిగిన ప్రశ్న ఇదే, చెల్లీ. నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం నువ్వు వస్తే నిన్నే అడుగుతుంది, కాస్త ఆలోచించుకుని రా. వచ్చేటప్పుడు మీ ఊరి నూనె పరోటా రెండు పొట్లాలు కట్టించుకు రా, మామయ్యకి ఒకటి చాలదు.