లోపలి అప్పు

ఖమ్మం,
జూలై 6

చిన్నా,

నీకు వీసా వచ్చిందని నిన్న పిన్ని ఫోన్ చేసింది. సూట్‌కేసులో ఏం సర్దాలో అరగంట చెప్పింది. కుక్కరు, కందిపప్పు, కారప్పొడి, ఊరగాయలు. నేను కలపడానికి ఏమీ మిగల్చలేదు. నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఫోన్లో చెబితే "సరే అక్కా" అనేసి మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

నువ్వు వెళ్ళబోయే ఫిలిప్పీన్స్‌లోని దవావ్‌లోనే కదా నేనూ డాక్టరు చదువు చదివింది. అక్కడ నా మొదటి ఏడాదంతా నేను ఖమ్మంలోనే బతికాను. ఐదుగురం తెలుగు పిల్లలం ఒకే ఇంట్లో పై అంతస్తులో ఉండేవాళ్ళం. తెలుగు వంట, తెలుగు సినిమా, తెలుగు తగవులు. ఇక్కడ సీటు రాక అక్కడికి వెళ్ళామన్న చిన్నతనం లోపల గుచ్చుతుండేది. దాన్ని ఆ ఊరి మీదికి తోసేసి, "వీళ్ళకేం తెలుసులే" అనుకునేవాళ్ళం. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది. నువ్వు ఆ మాట వెంటబెట్టుకుని విమానం ఎక్కొద్దు.

రెండో ఏడు నాకు డెంగీ వచ్చింది. నాతో ఉండేవాళ్ళకు పరీక్షలు. మా ఇంటి ఓనరమ్మ అరవై దాటిన మనిషి, అందరం ‘నానాయ్’ అని పిలిచేవాళ్ళం. నానాయ్ అంటే అమ్మ. ఆస్పత్రిలో రోగి పక్కన ఉండే మనిషిని అక్కడ ‘బంతాయ్’ అంటారు, కాపలా అని అర్థం. ఈ అమ్మాయికి బంతాయ్ ఎవరని నర్సు అడిగితే ఆవిడ "నేనే" అంది. నాలుగు రాత్రులు నా మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఇంటికొచ్చాక కోడిమాంసం, అల్లం, మునగాకు వేసి కాచిన ‘తినోలా’ రోజూ పైకి పంపింది. అవును, మన మునగాకే. అక్కడ మలుంగ్గాయ్ అంటారు, పెరట్లో లేని ఇల్లు అరుదు.

ఓపిక రాగానే నేనేం చేశానో తెలుసా? ఆవిడకు ఎంత ఖర్చయి ఉంటుందో లెక్కగట్టి, పైన ఇంకొంత వేసి, కవర్లో పెట్టి ఇచ్చాను. ఆవిడ నవ్వింది. కవరు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడితే ఒట్టు.

కోపం వచ్చిందేమోనని భయపడి మా క్లాసమ్మాయిని అడిగాను. కోపం కాదు, ‘తాంపో’ అంది. ఆ అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి చాలా తంటాలు పడింది. నాకు మాత్రం సగంలోనే అర్థమైపోయింది. అలక! అలిగినవాళ్ళతో ఏం చెయ్యాలో మనకు ఒకరు నేర్పాలా? సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి, ఏమీ అనకుండా ఆవిడ పక్కన కూర్చుని వెల్లుల్లి వలిచాను. మర్నాడూ అంతే. మూడో రోజు కంచాలు తీస్తూ "కావోన్ తా" అంది. రా, తిందాం అని. కవరు సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను చేసిన తప్పేమిటో అర్థం కావాలంటే వాళ్ళ మాట ఒకటి తెలియాలి: ‘ఊతాంగ్ నా లోఓబ్’. ఊతాంగ్ అంటే అప్పు, లోఓబ్ అంటే లోపల. లోపలి అప్పు. ఎవరైనా కష్టంలో ఆదుకుంటే ఆ అప్పు మనసులో ఉండాలి, ఏళ్ళ తరబడి ఉండాలి, సందర్భం వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం తిరిగి వెళ్తుండాలి. మర్నాడే లెక్కగట్టి చేతిలో పెట్టేస్తే "ఇక మీకూ మాకూ ఏమీ లేదు" అన్నట్టే. మనవాళ్ళు ఋణానుబంధం అనేది దీన్నే కదా. ఖమ్మంలో పుట్టి పెరిగిన దాన్ని, నాకు తెలియాల్సిన సంగతే. పరాయి దేశం అనగానే మన ఇంట్లో నేర్చుకున్నది కూడా మర్చిపోతాం.

ఈ అప్పుకు చీకటి కోణం లేదనను. ఎన్నికలప్పుడు నాయకులు దాన్ని వాడుకుంటారు. ఇంటికి పెద్దకూతురు తమ్ముళ్ళ చదువుల కోసం గల్ఫ్‌లో పనిచేస్తూ పెళ్ళి మాటే మర్చిపోతుంది. మన కరీంనగర్, నిజామాబాద్ వైపు మగవాళ్ళు మోసిన బరువే, అక్కడ ఎక్కువగా ఆడపిల్లలు మోస్తున్నారు. నువ్వు చూస్తావు, చూసినప్పుడు తేలిగ్గా మాట్లాడకు.

విర్హీలియో ఎన్రీకెజ్ అని ఫిలిప్పీన్స్‌లో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. అమెరికాలో డాక్టరేట్ చేసి 1970ల్లో వెనక్కి వచ్చి, మా మనుషుల్ని మా మాటలతోనే అర్థం చేసుకోవాలని పట్టుబట్టారు. ఆయన పట్టుకున్న మూలమాట ‘కాప్వా’. మన భాషలో సాటి మనిషి. అందులో మళ్ళీ రెండు వరసలు: ‘ఇబాంగ్ తావో’, ‘హిందీ ఇబాంగ్ తావో’. తగాలోగ్ భాషలో హిందీ అంటే ‘కాదు’ అని అర్థం, కంగారు పడకు. పరాయి మనిషి, పరాయి కాని మనిషి. పరాయివాళ్ళతో అక్కడ అందరూ నవ్వుతూ, మెత్తగా, మర్యాదగా ఉంటారు. మన పిల్లలు చాలామంది ఆ నవ్వే చూసి, ఇక అంతా కలిసిపోయామనుకుని తిరిగొచ్చేస్తారు. అలిగే చనువు పరాయి కానివాళ్ళ దగ్గరే ఉంటుంది. నానాయ్ నా మీద అలిగిందంటే అప్పటికే నన్ను లోపలికి రానిచ్చిందన్నమాట. అది నాకు తెలియడానికి వారం పట్టింది.

‘హియా’ అని ఇంకో మాట వింటావు. సిగ్గు, మొహమాటం, పరువు, మూడూ అందులోనే ఉన్నాయి. ఒకసారి గ్రూప్ వర్క్‌లో ఒకబ్బాయి చేసిన తప్పును అందరి ముందూ గట్టిగా ఎత్తి చూపాను. తప్పు తప్పే, నేనన్నది నిజమే. అతను నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నెలంతా భోజనం దగ్గర నా పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. చెప్పాల్సింది ఉంటే పక్కకు పిలిచి, ముందు ఇంట్లోవాళ్ళ కుశలం అడిగి, అప్పుడు చెప్పు. వాళ్ళు "చూస్తాను" అంటే చాలాసార్లు కుదరదని అర్థం. ముఖం మీద కాదనలేక అంటారు. మన ఊళ్ళో పేరంటానికి పిలిస్తే "వీలుచూసుకుని వస్తాం" అనేవాళ్ళు లేరూ?

చిన్న చిన్నవి కొన్ని. కనుబొమ్మలు పైకెత్తితే అవునని. పెదాలు ముందుకు చాచి దారి చూపిస్తారు. నువ్వు మాత్రం తల అటూ ఇటూ ఊపకు, అవునో కాదో వాళ్ళకు తెలియదు. జీప్నీ అని అక్కడ జనం ఎక్కే బండి, దాంట్లో వెనక కూర్చున్నవాళ్ళ చార్జీ చేతులు మారుతూ డ్రైవరు దాకా వెళ్తుంది, చిల్లర అదే దారిన వెనక్కి వస్తుంది. నీ ముందుకు చెయ్యి వస్తే అందుకో. దిగాలంటే "లుగార్ లాంగ్" అను. ‘బుంబాయ్’ అని ఎవరైనా పిలిస్తే రోషం తెచ్చుకోకు. బొంబాయి పేరు నుంచి వచ్చిన ఆ మాటను భారతీయులందరికీ వాడతారు, అది వినగానే వాళ్ళకు గుర్తొచ్చేది మోటారు సైకిళ్ళ మీద తిరుగుతూ ఐదు ఇచ్చి ఆరు వసూలు చేసే పంజాబీ వడ్డీ వ్యాపారులు. దీపావళికి టపాసులు కాల్చాలని చూడకు, దవావ్‌లో 2002 నుంచీ నిషేధం. కొత్త సంవత్సరం రాత్రి కూడా ఆ ఊరు బూరలు ఊదుకుంటుంది.

భాష సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఇక్కడే తగాలోగ్ నాలుగు ముక్కలు నేర్చుకుని వెళ్ళి సరిపోతుందనుకోవద్దు. దవావ్ వీధుల్లో వినిపించేది బిసాయా. చివరి ఏడాది క్లర్క్‌షిప్‌లో వార్డుకు వచ్చేవాళ్ళు కూలీలు, చేపలు పట్టేవాళ్ళు, కొండల్లోంచి దిగివచ్చిన లుమాద్ తెగలవాళ్ళు. "ఆసా దపిత్ ఆంగ్ సకిత్?" — నొప్పి ఎక్కడ? ఆ ఒక్క ప్రశ్న నేను వాళ్ళ భాషలో అడిగిన రోజున ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు. చిన్నా, కాలేయం వాచితే వేళ్ళకు ఎలా తగులుతుందో నేను నేర్చుకున్నది ఆ పొట్ట మీద. ఫీజు మా నాన్న కట్టాడు, నిజమే. ఆ ముసలాయనకు ఎవరు కట్టారు? ఇవాళ ఇక్కడ నా దగ్గరికి వచ్చే ప్రతి పేషెంటు దగ్గరా ఆయన అప్పు కొంచెం కొంచెం తీరుస్తున్నాననుకుంటాను.

నానాయ్ వాళ్ళన్నయ్య పోయినప్పుడు నన్నూ తీసుకెళ్ళింది. శవపేటిక ఇంట్లోనే రోజుల తరబడి ఉంచుతారు, రాత్రంతా జనం మేలుకుని ఉంటారు, పేకాడతారు, కాఫీలు తాగుతారు. మొదట నాకు ఎబ్బెట్టుగా తోచింది. ఆ ఇంటిని ఒంటరిగా వదలకుండా ఉండటానికే అదంతా అని తర్వాత తెలిసింది. లేచి వస్తుంటే ఇంటివాళ్ళెవరూ గుమ్మం దాకా రాలేదు. చావింట్లో సాగనంపకూడదట. నేనూ "వెళ్ళొస్తా" అనలేదు, మన ఇళ్ళల్లో అనం కదా. ఎవరికీ ఎవరూ నేర్పకుండానే ఆ రాత్రి వాళ్ళూ నేనూ సరిగ్గా నడుచుకున్నాం. చావింటి నుంచి నేరుగా ఇంటికి వెళ్ళకూడదని నానాయ్ దారిలో ఒక బేకరీ దగ్గర ఆపింది. నేను ఇంటికెళ్ళగానే తలస్నానం చేశాను. ఆవిడ ఎందుకని అడగలేదు.

రేపు మా ఆయన అటువైపు వస్తున్నాడు. చిన్న ఆవకాయ సీసా పంపుతున్నాను, రెండు కవర్లలో చుట్టి సూట్‌కేసు మధ్యలో బట్టల నడుమ పెట్టు. నానాయ్ పచ్చిమామిడి ముక్కలను ‘గినామోస్’ అనే చేపల ఉప్పుముద్దలో అద్దుకుని తింటుంది, ఇది తప్పకుండా నచ్చుతుంది. వెళ్ళిన మొదటి ఆదివారమే వెళ్ళు. చర్చి నుంచి పదింటికల్లా వచ్చేస్తుంది. గేటు దగ్గర నిలబడి "ఆయో!" అని పిలువు, ఆవిడ రమ్మనే దాకా తోసుకుని వెళ్ళకు. కాళ్ళకు దండం పెట్టబోకు, కంగారు పడుతుంది. వంగి ఆవిడ కుడిచెయ్యి తీసుకుని నీ నుదుటికి ఆనించుకో. చూపు తగ్గిందట, నువ్వెవరో చెప్పడానికి కాస్త టైం పడుతుంది. భోజనం పెడితే తిని రా.

ఆశీస్సులతో,
అక్క