నగరం భయపెడుతోందా? సైకిల్ ఎక్కండి

కోచింగ్ కోసమో ఉద్యోగం కోసమో ఊరి నుంచి వచ్చి సికింద్రాబాద్ హాస్టల్లో దిగిన యువతీ యువకులను ఒక మాట అడిగి చూడండి: ఇక్కడికొచ్చి రెండేళ్లు దాటింది కదా, ఈ ఊళ్లో మీకు తెలిసిన దారులెన్ని? చాలామందికి తెలిసినవి రెండే. హాస్టల్ నుంచి పనికి ఒకటి, హాస్టల్ నుంచి రైల్వే స్టేషన్‌కు ఒకటి. మిగతాదంతా బస్సు కిటికీలోంచి జారిపోయిన ఊరే. అందుకే ఎన్నాళ్లున్నా కొత్తవాళ్లలాగే మసలుతారు. ఆ బెరుకు ఇంటర్వ్యూ గదిలోకీ వస్తుంది, ఆఫీసులో నలుగురి మధ్య నోరు విప్పాల్సి వచ్చినప్పుడూ అడ్డం పడుతుంది. తానున్న చోటు తనది కాదనుకునే మనిషికి గొంతు పెగలదు.

దీనికి నాకు తెలిసిన మంచి మందు సైకిల్. నడిస్తే నాలుగు వీధులకే కాళ్లు పట్టేస్తాయి. బైకు మీదైతే ఏదీ కంటికి ఆనదు. సైకిల్ మీద గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు సాగుతాం. దుకాణాల బోర్డులు చదవొచ్చు, నచ్చిన చోట కాలు కింద పెట్టి నిలబడొచ్చు. ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి మళ్లాలి... అడుగడుగునా నిర్ణయం మీదే. ఎవరో చెప్పిన సిలబస్, ఎవరో పెట్టిన టైమ్‌టేబుల్ ప్రకారం నడిచేవాళ్లకు ఈ సాధన చాలా అవసరం.

అయితే మొదటి రోజే చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్ అంటూ జాబితా రాసుకోకండి. మహానగరం మొత్తాన్ని ఒక్కపూటలో చుట్టేయాలనుకున్నవాళ్లు సగం దారిలో అలసిపోయి, మళ్లీ సైకిల్ ముట్టరు. ఒక చిన్న చుట్టు ఎంచుకోండి. పాతకాలం వాళ్లు లష్కర్ అని పిలిచే ఈ సికింద్రాబాద్ అందుకు సరిగ్గా సరిపోతుంది. మూడో నిజాం సికిందర్ జా పేరిట 1806లో ఈ ఊరికి పేరొచ్చింది. అంతకుముందు నుంచే ఇది బ్రిటిష్ సైన్యం విడిది.

ఆదివారం తెల్లవారగానే స్టేషన్ దగ్గర బయల్దేరండి. మొదటి మజిలీ క్లాక్ టవర్. 120 అడుగుల ఎత్తున్న ఈ గడియార స్తంభం 1897లో ప్రారంభమైంది. దాని దగ్గర్లోనే 1850లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి ఉంది. అక్కణ్నుంచి మహాత్మాగాంధీ రోడ్డు మీదుగా రాణిగంజ్ వెళ్లండి. ఒకప్పుడు జేమ్స్ స్ట్రీట్ అన్న ఈ రోడ్డు మీదే పార్శీల అగ్ని ఆలయం ఉంది. లోపలికి ఇతరులకు ప్రవేశం ఉండదు కాబట్టి బయటి నుంచే చూడాలి. తర్వాత ట్యాంక్‌బండ్. కట్ట మీద ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి: ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో ఈ చెరువు తవ్వేనాటికి హైదరాబాద్ నగరమే లేదు. నగరానికి పునాది పడింది ఆ తర్వాత, 1591లో. ఎన్టీఆర్ మార్గ్ మీదుగా నెక్లెస్ రోడ్డుకు తిరిగి, సంజీవయ్య పార్కు దాటి, బేగంపేట వైపు మళ్లండి.

ఈ చుట్టులో తప్పకుండా ఆగాల్సింది బేగంపేటలోనే. పాత విమానాశ్రయానికి దగ్గర్లో సర్ రొనాల్డ్ రాస్ పేరిట ఒక పాత భవనం ఉంది. బస్సులో వెళ్లేవాళ్ల కంటికి అది తగలదు. ఇండియన్ మెడికల్ సర్వీస్ వైద్యుడైన రాస్ ఇక్కడే మలేరియా గుట్టు విప్పాడు. రెండేళ్లపాటు వందల దోమలను కోసి చూశాడు. ఏ దోమలోనూ జవాబు దొరకలేదు. ఎందుకంటే అవి మలేరియాను మోసే జాతి దోమలే కావు. ఆగస్టు ఉక్కపోతలో పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని అదీ మానేశాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగి కుట్టిన ప్రతి దోమకూ ఒక అణా చొప్పున తీసుకుని తన చెయ్యి ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న ఒక ఆడ అనాఫిలిస్ దోమ కడుపులో రాస్ వెతుకుతున్న మలేరియా పరాన్నజీవి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఏటా ఆగస్టు 20న ప్రపంచమంతా దోమల దినం జరుపుకొనేది ఈ బేగంపేట గది వల్లే. రెండోసారి పోటీ పరీక్ష పోయిందని కుంగిపోతున్నవాళ్లు ఆ గోడ పక్కన సైకిల్ ఆనించి కాసేపు నిలబడాలని నా గట్టి కోరిక. అణా కూలికి చెయ్యి చాచిన హుసేన్ ఖాన్‌ను కూడా తలచుకోవాలి. ఆయన పేరు ఎక్కడా పెద్దగా వినిపించదు.

అక్కణ్నుంచి ప్యారడైజ్ మీదుగా స్టేషన్‌కు చేరితే మొత్తం పదిహేను, పదహారు కిలోమీటర్లు. మధ్యలో ఇరానీ చాయ్‌కి, ఉస్మానియా బిస్కెట్‌కి తీరిక ఉంచుకోండి.

దారి తప్పుతారు. తప్పనివ్వండి. ఫోన్ సంచిలోనే ఉంచి, ఇస్త్రీ బండి అన్ననో, పూలమ్మే అక్కనో అడగండి. ‘అన్నా, మోండా మార్కెట్‌కు ఎటు పోవాలె?’ ‘సీదా పోయి లెఫ్ట్ కొట్టు తమ్మీ.’ అంతే సంభాషణ. ముక్కూ మొహం తెలియని మనిషితో నోరు విప్పడం ఇలా పొద్దున్నే నాలుగైదుసార్లు జరిగితే, కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులో వారమంతా కూర్చున్నా రాని చొరవ వస్తుంది.

ధైర్యం వేరు, దూకుడు వేరు. ఎడమ పక్కనే వెళ్లండి. ఆగి ఉన్న కార్ల పక్కన తలుపు తెరుచుకునేంత జాగా వదలండి. రాణిగంజ్, ప్యారడైజ్ లాంటి పెద్ద కూడళ్లలో దిగి, సైకిల్ నడిపించుకుంటూ జీబ్రా గీతల మీద దాటండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. హెల్మెట్ పెట్టుకోండి. ఎనిమిదిన్నరకల్లా తిరిగి వచ్చేయండి, తర్వాత రోడ్లు మన మాట వినవు. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరి వెనక ఒకరు తొక్కండి. కంటోన్మెంట్‌లో సైన్యం గేట్ల దగ్గర ఫొటోలు తీయొద్దు. ఆషాఢంలో లష్కర్ బోనాల ఆదివారం మాత్రం సైకిల్ ఇంట్లోనే ఉంచి, ఉజ్జయినీ మహంకాళి గుడికి నడిచే వెళ్లండి.

ఈ చుట్టు చేతికొచ్చాక ఉత్తరం వైపు బొల్లారం పోవచ్చు. అక్కడ రాష్ట్రపతి నిలయం ఉంది. 1983లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ తన పెళ్లిరోజున ప్రార్థన చేసిన హోలీ ట్రినిటీ చర్చి కూడా అక్కడిదే. ఆ దారి దూరం, లారీలు ఎక్కువ. తొందరపడకండి.

కొత్త సైకిల్ కొనక్కర్లేదు, గేర్లూ వద్దు. వాచ్‌మన్ తాతదో, రూమ్మేట్ తమ్ముడిదో ఒకపూటకు అడిగి తీసుకోండి. మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా ఉండేలా సీటు సరిచేయించండి. రెండు బ్రేకులూ నొక్కి చూడండి. ఆదివారం పొద్దున పంక్చర్ షాపులు తెరిచి ఉండవు, గాలి శనివారం సాయంత్రమే కొట్టించుకోండి.