ముద్ర వేసిన తరువాత

వాక్యభాగము: నెహెమ్యా 9, 10, 13 అధ్యాయములు



నిబంధన అనగానే మనకు బాప్తిస్మము, వివాహము, ప్రభువు బల్ల గుర్తుకు వస్తాయి. నెహెమ్యా 10వ అధ్యాయము చదివితే మాత్రం కట్టెలు గుర్తుకు వస్తాయి. యెరూషలేము ప్రాకారము కట్టబడిన తరువాత ప్రజలు దేవునితో చేసికొన్న నిబంధన అది. నెహెమ్యా మొదలుకొని ముద్ర వేసిన 84 మంది పేర్లు అక్కడ ఉన్నాయి. తక్కినవారు భార్యలతో, తెలివి వచ్చిన కుమారులతో, కుమార్తెలతో వారితో కలిశారు.

ఇంతకీ ఏమని ముద్ర వేశారు? విశ్రాంతిదినమున ఎవరు సరుకులు తెచ్చినా కొనము. మందిరపు సేవకు ఏటేటా తులములో మూడవ వంతు వెండి ఇస్తాము. లేవీయులకు దశమభాగము చేరుస్తాము. బలిపీఠము మీదికి ఏ యింటివారు ఎప్పుడు కట్టెలు తేవాలో చీట్లు వేసికొంటాము. పెండ్లి సంబంధాల మాట కూడా ఉంది. నమ్మకముగా నడుస్తామని ఒక్క మాటతో సరిపెట్టలేదు.

దీనికి ముందున్న 9వ అధ్యాయము దేవుడు చేసిన మేలులను తలచుకొంటుంది. ఐగుప్తు నుండి విడిపించాడు, అరణ్యములో 40 ఏళ్లు పోషించాడు, తిరగబడినా విడిచిపెట్టలేదు. చివరి వచనములో గాని ప్రజలు చేసికొనే ఈ నిబంధన మాట రాదు. కాబట్టి ఇది బేరము కాదు. "ప్రభువా, ఈ మంచం మీద నుండి లేపితే ఇక త్రాగను" అని వార్డులో మ్రొక్కుకొనేవారు ఉంటారు. ఆ కన్నీరు అబద్ధం కాదు. అయినా దేవుడు తన కృపను షరతు మీద అమ్మడు. క్రీస్తు రక్తము వలననైన క్రొత్త నిబంధన (లూకా 22:20) స్వస్థత వచ్చినా రాకపోయినా నిలిచే ఉంటుంది. దీర్ఘరోగముతో ఉన్నవారు ఈ మాటను మరీ గట్టిగా పట్టుకోవాలి.

నెహెమ్యా కొంతకాలము రాజునొద్దకు వెళ్లి తిరిగి వచ్చేసరికి ఏమైంది? భాగములు అందక లేవీయులు పొలాలకు వెళ్లిపోయారు. విశ్రాంతిదినమున ద్రాక్షగానుగలు తొక్కుతున్నారు, తూరువారు చేపలు అమ్ముతున్నారు. దేవుణ్ణి విడిచిపెట్టామని ఎవరూ చెప్పినట్టు లేదు. ముద్ర వేసిన చిన్న చిన్న సంగతులే జారిపోయాయి. నెహెమ్యా గద్దించాడు. (వేరొక విషయములో కొందరిని కొట్టి వెండ్రుకలు పెరికాడు కూడా, ఇంట్లో దానిని మాదిరిగా తీసుకోకండి.) గద్దింపుతో ఆగక, కొట్లకు నమ్మకమైన మనుష్యులను నియమించాడు. విశ్రాంతిదినానికి ముందు చీకటి పడుతుండగానే పట్టణపు తలుపులు మూయించి కావలి పెట్టాడు.

త్రాగుడు మానుతానన్న సహోదరునికీ అలాంటి తలుపు కావాలి. కూలి డబ్బు అందిన సాయంత్రం ఏ దారిన ఇంటికి రావాలి? ఆ డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలి? ఇవి ముందే తేల్చుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా త్రాగేవారు ఒక్కసారిగా మానితే, మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి, ఫిట్స్, లేనివి కనిపించడం జరగవచ్చు. ప్రాణానికే అపాయం. ఇది దయ్యము కాదు, విశ్వాసలోపమూ కాదు. మానాలనుకొన్నప్పుడే డాక్టరుగారితో చెప్పండి, మందులతో కాపాడవచ్చు. ఈ లక్షణాలు కనబడితే ప్రార్థన చేస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

క్షయ మందుల విషయమూ ఇంతే. సాధారణంగా ఆరు నెలలు వాడవలసినవి, రెండో నెలలో దగ్గు తగ్గగానే మానేస్తారు. "సాక్ష్యం చెప్పాను కదా, ఇంకా మాత్రలు మ్రింగితే అవిశ్వాసం కాదా?" అని కొందరికి సందేహం. కాదు. క్రిములు ఇంకా లోపల ఉండవచ్చు. మధ్యలో మానితే రోగం తిరగబెట్టవచ్చు, మందులకు లొంగకుండా పోవచ్చు, ఇంట్లో పిల్లలకు అంటవచ్చు. ఆ మాత్ర మ్రింగడం పొరుగువారిని ప్రేమించడమే.

ఈ భారమంతా రోగి ఒక్కరి మీద వేయకూడదు. యెరూషలేములో కట్టెలు ఇంటింటి వంతుగా వచ్చాయి. డయాలసిస్‌కు తోడు వెళ్లడం, డిశ్చార్జి అయినవారు మాత్రలు వేసికొన్నారో లేదో అడగడం, కూలి అందే సాయంత్రం ఒక సహోదరుని కలిసి ఇంటికి తీసుకురావడం కూడా వంతులు వేసికోదగిన పనులే. ఈ వారం కుటుంబ ప్రార్థనలో నెహెమ్యా 10:34 చదివి, మీ వీధిలో ఎవరి యింటికి ఏ రోజు ఎవరు వెళ్తారో పేర్లతో వ్రాసి, ఆ కాగితం క్యాలెండరు ప్రక్కన అంటించండి.